మంచు దేశంలో మాయని పచ్చిక

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకొని మినెసోటా అనే రాష్ట్రం ఉన్నది. అక్కడి పెద్ద నగరమైన మినియాపొలిస్‌లో జనవరి మాసపు సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 9 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఏడాదికి సుమారు 50 అంగుళాల మంచు కురుస్తుంది. చలికాలంలో పెరటి గడ్డి ఎండు రంగుకు తిరిగి, ఎదుగుదల మాని, వసంతం వరకు నిద్రపోతుంది. మంచు కరిగే రోజులలో దాని మీద పిల్లలు నాలుగు అడుగులు పరుగెత్తితే అది బురదగా మారిపోతుంది. అందుచేత స్థోమత గల కుటుంబాలవారు ఇంటి వెనుక కృత్రిమ పచ్చిక పరచి, చిన్న ఆటస్థలం ఏర్పాటు చేసుకొంటున్నారు. ఉద్యోగాలకు వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇది కొత్త విషయం కాదు.

అట్టి ఇల్లు ఒకటి ఊహించుకొందాం. వేసవిలో 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల స్థలంలో పచ్చిక పరిచారు. బల్లపరుపుగా, చూడముచ్చటగా ఉన్నది. బంతి వేసిన చోటి నుండి తిన్నగా లేస్తున్నది. శీతకాలం వచ్చినది, మంచు కప్పినది, పోయినది. ఏప్రిల్‌లో చూస్తే ఆటస్థలం మధ్య ఒక మూపురం లేచి ఉన్నది. ఒక మూల నీరు నిలుస్తున్నది. రెండు చుట్టలు కలిసే చోట అతుకు నోరు తెరిచినది. వల కట్టిన స్తంభాలలో ఒకటి పక్కకు ఒరిగినది. ఇంటివారు పచ్చిక నాసిరకమని నిశ్చయించుకొన్నారు. నిజానికి పచ్చిక చేసిన తప్పేమీ లేదు. తప్పు దాని కింద ఉన్నది. చలి పచ్చికను పాడుచేయలేదు. పచ్చిక కింద చేరిన నీరు చలితో కలిసి ఆ పని చేసినది.

కృత్రిమ పచ్చికకు శీతకాల సంరక్షణలో ముఖ్య భాగం శీతకాలంలో జరిగేది కాదు, వేసవిలో దానిని పరిచేటపుడే జరిగేది. ఈ విషయం అర్థం కావాలంటే ముందు ఆ పచ్చిక అంటే ఏమిటో, గడ్డకట్టే నేల ఎట్లా ప్రవర్తిస్తుందో తెలుసుకోవాలి.

కృత్రిమ పచ్చిక పుట్టుక

నగరాలలో పిల్లలకు ఆడుకొనే స్థలం కరువైన రోజులలో, తక్కువ చోటులో ఎక్కువమంది ఆడినా అరిగిపోని నేల కోసం అమెరికాలో ప్రయత్నాలు జరిగాయి. మోన్శాంటో సంస్థ పరిశోధకులు నైలాను పోగులతో ఒక తివాసీ వంటి దానిని తయారుచేశారు. 1964లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో మోజెస్ బ్రౌన్ పాఠశాలలో దానిని మొట్టమొదట పెద్ద ఎత్తున పరిచారు. అప్పుడు దానికి 'కెమ్‌గ్రాస్' అని పేరు.

దానికి లోకప్రసిద్ధి వచ్చినది మాత్రం హ్యూస్టన్ నగరంలో. అక్కడ 1965లో ఆస్ట్రోడోమ్ అనే కప్పు గల క్రీడామందిరం తెరిచారు. కప్పులోని పారదర్శక పలకల గుండా వెలుగు పడి, లోపల నిజమైన గడ్డి పెరిగేది. కాని ఆ మెరుపుకు పైకెగిరిన బంతి ఆటగాళ్ల కంటికి ఆనలేదు. మెరుపు తగ్గించడానికి పలకలకు రంగు పూశారు. వెలుగు తగ్గగానే గడ్డి చచ్చిపోయినది. 1966లో దాని స్థానంలో కృత్రిమ పచ్చిక పరిచారు. ఆ మందిరం పేరు మీదనే దానికి 'ఆస్ట్రోటర్ఫ్' అన్న పేరు స్థిరపడినది. మన దేశస్థులకు ఈ నేల ఎదురైన ఘట్టం 1976 నాటి మాంట్రియల్ ఒలింపిక్ పోటీలు. ఆ పోటీలలో హాకీని మొదటిసారి కృత్రిమ పచ్చిక మీద ఆడించారు. నిజమైన గడ్డి మీద ఆడి పేరు తెచ్చుకొన్న భారత జట్టు అక్కడ ఏడవ స్థానంతో తిరిగివచ్చినది.

నేడు ఇండ్లలో పరిచే పచ్చిక నిర్మాణం సులభంగానే తెలుస్తుంది. పైన కనిపించే పోగులు ఎక్కువగా పాలిథిలీన్‌తో చేసినవి. వాటిని పాలిప్రొపిలీన్ నేతబట్టలో కుట్టి, ఊడిరాకుండా అడుగున రబ్బరుపాల వంటి పదార్థం గాని, పాలియురితేన్ గాని పూస్తారు. నీరు దిగిపోవడానికి ఆ పూతలో సన్నని రంధ్రాలు ఉంటాయి. పోగులు నిటారుగా నిలబడడానికి, తివాసీ కదలకుండా బరువు ఉండడానికి పోగుల నడుమ ఇసుకను గాని, ఇసుకతోపాటు రబ్బరు నలుసులను గాని నింపుతారు.

చలి పోగులను ఏం చేస్తుంది?

ప్రతి ప్లాస్టిక్కుకూ ఒక ఉష్ణోగ్రత ఉన్నది. దానికి పైన అది సాగుతూ వంగుతూ ఉంటుంది. దానికి దిగువ గాజువలె పెళుసవుతుంది. పాలిప్రొపిలీన్‌కు ఈ ఉష్ణోగ్రత సున్న డిగ్రీలకు కొద్దిగా దిగువనే ఉన్నది. పాలిప్రొపిలీన్ బక్కెట్టు గట్టి చలిలో దెబ్బ తగిలితే పగిలిపోవడం ఇందువల్లనే. పాలిథిలీన్‌కు ఈ ఉష్ణోగ్రత సున్నకు దిగువ 100 డిగ్రీల కంటే కూడా కింద ఉన్నది. కాబట్టి మినెసోటా చలి ఎంత కఠినమైనదైనా పాలిథిలీన్ పోగులు బిరుసెక్కుతాయే గాని పెళుసుబారవు. చలి ప్రాంతాలలో పోగుల ఎంపికకు ఇదొక ముఖ్య కారణం. పచ్చిక కొనేటపుడు పోగులు దేనితో చేసినవో అడిగి తెలుసుకోవడం అవసరం.

కాని పోగులకు మరొక విధంగా ప్రమాదం ఉన్నది. కరిగిన నీరు పోగుల మధ్య నిలిచి తిరిగి గడ్డకడితే, ప్రతి పోగునూ గడ్డమంచు బిగించి పట్టుకొంటుంది. ఆ స్థితిలో దాని మీద నడిచినా, గునపంతో గడ్డను కొట్టినా పోగు వంగడానికి తావు లేక, గడ్డతోపాటు విరిగి ఊడివస్తుంది.

ఇక రెండవది సంకోచం. ఘనపదార్థాలు వేడికి వ్యాకోచించి, చలికి సంకోచిస్తాయని విద్యార్థులు చదువుకొన్నదే. ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు 0.000012. పాలిప్రొపిలీన్‌కు అది సుమారు 0.0001, అంటే ఉక్కుకు ఎనిమిది రెట్ల పైమాటే. వేసవిలో 25 డిగ్రీల వద్ద పరిచిన 60 అడుగుల తివాసీ శీతకాలంలో సున్నకు దిగువ 20 డిగ్రీలకు చల్లబడినదనుకొందాం. తేడా 45 డిగ్రీలు. 60ని 0.0001తోను, 45తోను గుణిస్తే 0.27 అడుగు వస్తుంది. అంటే ఏ అడ్డూ లేకుండా వదిలితే తివాసీ మూడు అంగుళాలకు పైగా కుదించుకొంటుంది. అదే పొడవు గల ఉక్కు పట్టా అరంగుళమైనా కుదించుకోదు.

వాస్తవంలో తివాసీ అంత కుదించుకోదు. నింపిన ఇసుక బరువు, అడుగు నేలతో ఒరిపిడి, అంచుల వద్ద కొట్టిన మేకులు దానిని ఆపుతాయి. కాని ఆపిన సంకోచం మాయమైపోదు. లాగుడుగా మారి అతుకుల మీద పడుతుంది. జిగురు సరిగా పట్టని అతుకు మొదట విడిపోతుంది. పైన చెప్పిన ఇంటిలో అతుకు నోరు తెరవడానికి ఇదొక కారణం.

నేల ఎందుకు పొంగుతుంది?

మూపురం సంగతి ఇంతకంటె లోతైనది. నీరు గడ్డకట్టినపుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నేలలో ఉన్న నీరు గడ్డకట్టి పెరగడంవల్ల నేల లేచినదని చాలామంది అనుకొంటారు. లెక్క వేసి చూస్తే ఈ మాట నిలవదు. నేలలో నూటికి నలభై పాళ్లు నీరే ఉన్నదనుకొన్నా, మూడు అడుగుల లోతు వరకు అంతా గడ్డకట్టినా, పెరుగుదల అంగుళంపావు మాత్రమే. చలి దేశాలలో నేల అంతకు ఎన్నో రెట్లు లేవడం కద్దు.

ఈ చిక్కును విప్పినవాడు అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ టేబర్. 1929, 1930 సంవత్సరాలలో ఆయన ప్రచురించిన పరిశోధనలు నేటికీ ఈ శాస్త్రానికి పునాది. ఆయన నీటికి బదులు బెంజీన్ పోసి తడిపిన మట్టిని చల్లబరచి చూశాడు. బెంజీన్ గడ్డకట్టినపుడు నీటివలె పెరగదు, కుదించుకొంటుంది. పెరుగుదలే కారణమైతే ఆ మట్టి పొంగకూడదు. కాని అది కూడా పొంగినది! కాబట్టి అసలు కారణం గడ్డకట్టేటపుడు ద్రవం పెరగడం కాదు. గడ్డకట్టే చోటికి కింది నుండి ఇంకా ఇంకా ద్రవం ఎక్కిరావడం.

ఇది ఎట్లా జరుగుతుంది? దీపపు వత్తిలో నూనె పైకి ఎక్కడం అందరూ చూచినదే. మట్టి కణాల మధ్య ఉండే సన్నని సందులలో కూడా నీరు అదే విధంగా పైకి ఎక్కుతుంది. దీనినే కేశనాళికా చర్య అంటారు. చలి పైనుండి నేలలోకి దిగుతుంటే ఒక లోతులో నీరు గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఆ గడ్డకు, మట్టి కణాలకు మధ్య అతి పలుచని నీటి పొర సున్న డిగ్రీలకు దిగువ కూడా గడ్డకట్టకుండా నిలిచి ఉంటుంది. ఆ పొర గుండా కింది నీరు గడ్డ వైపు లాగబడుతుంది. వచ్చిన నీరు వచ్చినట్లే గడ్డకు చేరుతుంది. ఇట్లా నేలలో గడ్డమంచు పలకలు, కొన్ని జుట్టు మందాన, కొన్ని అంగుళాల మందాన, పొరలు పొరలుగా పెరుగుతూ పైమట్టిని ఎత్తుతాయి. ఇంటి గోడలనే కదిలించే బలం వాటికి ఉన్నది. తివాసీ ఒక లెక్క కాదు.

నేల పొంగడానికి మూడు సమకూరాలి: గడ్డకట్టే చలి, అందుబాటులో నీరు, నీటిని పైకి లాగే మట్టి. మట్టిలో కూడా తేడా ఉన్నది. ముతక ఇసుకలో, కంకరలో సందులు పెద్దవి కావడంచేత నీరు పైకి ఎక్కదు. జిగట బంకమట్టిలో సందులు మరీ సన్నవి కావడంచేత నీరు మిక్కిలి నెమ్మదిగా కదులుతుంది. ఈ రెండింటికీ నడుమనున్న మెత్తని ఒండ్రుమట్టి అన్నింటికంటె ప్రమాదకరం. దానిలో నీరు ఎత్తుకూ ఎక్కుతుంది, వేగంగానూ ఎక్కుతుంది. ఒకే పెరట్లో ఒక పక్క ఇసుక, మరొక పక్క ఒండ్రు ఉంటే నేల ఒకచోట లేస్తుంది, ఒకచోట లేవదు. అంతా సమంగా లేచి సమంగా దిగితే ఎవరికీ తెలియదు. ఎగుడుదిగుడుగా లేవడమే మూపురానికి కారణం.

చలిని ఆపడం మానవుని వశంలో లేదు. కాని మిగిలిన రెండూ, అనగా నీరు, మట్టి, ఆతని వశంలో ఉన్నవే. కృత్రిమ పచ్చిక పరిచే విద్య అంతా ఈ రెండు మాటలలో ఇమిడి ఉన్నది.

పరిచే విధానం

మొదట గడ్డిని, వేళ్లను, పైనున్న సారవంతమైన మట్టిని పూర్తిగా తీసివేయాలి. ఈ మట్టి నీటిని పట్టుకొంటుంది. అందులోని వేళ్లు కుళ్లిన కొద్దీ నేల కుంగుతుంది. తీసిన అడుగును రోలరుతో గట్టిపరచి, దానికి ఒక పక్కకు వాలు ఇవ్వాలి. నూటికి ఒక అడుగు వాలు చాలు. 30 అడుగుల వెడల్పు మీద ఇది మూడున్నర అంగుళాలకు కొంచెం పైన. ఆడేవారి కంటికి ఆనదు గాని నీటికి బాగా తెలుస్తుంది.

దీనిమీద నీరు పోనిచ్చి మట్టిని ఆపే దృఢమైన గుడ్డ ఒకటి పరుస్తారు. ఇది లేకపోతే కింది ఒండ్రు కాలక్రమాన కంకర సందులలోకి చొరబడి, కంకరను కూడా నీరు లాగే మట్టిగా మార్చివేస్తుంది. గుడ్డ మీద చిల్లకంకర పోయాలి. పెరటి ఆటస్థలానికి మామూలు చోట్ల ఆరు అంగుళాల మందం సరిపోతుందంటారు. ఒండ్రు నేలలో, గట్టి చలి గల చోట దానికి రెట్టింపు పోయడం మేలు. అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, అన్నింటికీ పైన పలుచగా సన్న రాతినలుసు ఉండాలి. అంతా ఒక్కసారి పోసి పైపైన దిమ్మిస కొడితే అడుగు వదులుగానే ఉండిపోతుంది. నాలుగేసి అంగుళాల చొప్పున పోసి, ప్రతి పొరనూ విడిగా గట్టిపరచాలి.

ఈ కంకర పొర రెండు పనులు చేస్తుంది. పైనుండి దిగిన నీటిని వెంటనే పక్కకు పంపుతుంది. కింది నుండి కేశనాళికా చర్యవల్ల ఎక్కివచ్చే నీటికి దారి తెంచివేస్తుంది. వత్తిని మధ్యలో కత్తిరిస్తే నూనె పైకి రానట్లే, కంకరలోని పెద్ద సందులను దాటి నీరు పైకి రాలేదు.

నీటి లెక్క ఎంతటిదో చూడవచ్చు. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు అంటే 1,800 చదరపు అడుగులు, సుమారు 167 చదరపు మీటర్లు. కొత్తగా పడిన మంచు పది అంగుళాలు కరిగితే, మంచు రకాన్నిబట్టి తేడాలున్నా, దాదాపు ఒక అంగుళం నీరు అవుతుంది. ఆ స్థలం మీద అంగుళం నీరు అంటే 4,200 లీటర్ల పైచిలుకు. ఒక్క గట్టి మంచుకే ఇంత నీరు! అది వెళ్లడానికి వాలు దిగువ అంచున, కంకరలో రంధ్రాల గొట్టం పాతి, దాని చివరను పల్లపు చోటికి విడవాలి. గొట్టానికి బయటి నోరు లేకపోతే అది ఉండీ లేనట్లే.

వల స్తంభాల పునాదులకు వేరే నియమం ఉన్నది. నేల గడ్డకట్టే లోతుకు దిగువ వరకు వాటిని దించాలి. మినెసోటా గృహనిర్మాణ నిబంధనలలో పునాదులకు ఈ లోతు దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తర భాగంలో 60 అంగుళాలు. లోతు చాలని స్తంభాన్ని గడ్డకట్టిన నేల పట్టుకొని పైకి లాగుతుంది. నేల కరిగినపుడు కింద ఏర్పడిన ఖాళీలోకి మట్టి జారుతుంది. స్తంభం తిరిగి స్వస్థానానికి దిగలేదు. ఏటేటా కొంచెం కొంచెంగా అది నేలలోనుండి పెరికివేయబడుతుంది.

ఇక తివాసీ. చుట్టలు సాధారణంగా 15 అడుగుల వెడల్పున వస్తాయి. 30 అడుగులకు రెండు చుట్టలు, నడుమ ఒక్క అతుకు. రెండింటిలోను పోగుల వాలు ఒకే వైపుకు ఉండేటట్లు పరచాలి. లేకపోతే వెలుగులో రెండు భాగాలు రెండు రంగులుగా కనిపిస్తాయి. చుట్ట విప్పగానే కోయరాదు. గంటో రెండు గంటలో ఎండలో వదిలితే ముడతలు పోయి సహజస్థితికి వస్తుంది. దానిని బలవంతంగా సాగదీసి బిగించడం పెద్ద పొరపాటు. సాగదీసిన తివాసీకి శీతకాలపు సంకోచం కూడా తోడవుతుంది. అతుకు కింద వెడల్పాటి పట్టీ వేసి, దానిమీద జిగురు పూసి, రెండు అంచులను పోగులు నలగకుండా దగ్గరకు చేర్చాలి. ఈ జిగుళ్లు తడిలోను చలిలోను సరిగా గట్టిపడవు. చలి మొదలయ్యాక పని తొందరపెట్టి ముగించినవారు వసంతంలో అతుకును తిరిగి అంటించుకోవలసి వస్తుంది.

చివరగా ఇసుక. అది కడిగి, పూర్తిగా ఆరినదై ఉండాలి. తడి ఇసుక పోగుల మొదళ్లకు దిగదు. పచ్చిక రకాన్నిబట్టి చదరపు అడుగుకు ఒకటి నుండి మూడు పౌనుల వరకు పడుతుంది. రెండు పౌనుల చొప్పున వేసుకొన్నా ఈ స్థలానికి ఒకటిన్నర టన్నులకు పైగా అవుతుంది. కొంచెం కొంచెంగా చల్లుతూ, పోగుల వాలుకు ఎదురుగా గట్టి నైలాను కుంచెతో దువ్వుతూ దించాలి.

శీతకాలంలో చేయవలసినవి, చేయరానివి

ఇట్లా పరిచిన ఆటస్థలానికి శీతకాలంలో చేయవలసింది కొద్దే. మంచు కురవక ముందే, ఆకులు రాలే కాలంలో, రాలిన ఆకులను ఎప్పటికప్పుడు ఊడ్చివేయాలి. నానిన ఆకులు చివికి పోగుల మధ్య మెత్తని మట్టిగా మారి రంధ్రాలను మూస్తాయి. నీటి గొట్టం నోరు తెరిచి ఉన్నదీ లేనిదీ చూడాలి. ఒకసారి కుంచెతో దువ్వి ఇసుకను సమం చేయాలి. బల్లలు, గోల్ స్తంభాలు వంటి బరువులను తీసివేయాలి.

మంచు పడిన తరువాత ఉత్తమమైన పని దానిని అట్లాగే వదలడం. కొత్త మంచు నిండా గాలి ఉంటుంది. గాలి మంచి ఉష్ణబంధకం. కాబట్టి మంచు దుప్పటి నేలకు కొంత వెచ్చదనాన్నే ఇస్తుంది. మంచును పూర్తిగా తుడిచిన స్థలంలోనే చలి నేలలోకి మరింత లోతుకు దిగుతుంది. తప్పనిసరిగా తీయవలసివస్తే ప్లాస్టిక్ పారతో పైపైన తీసి, అడుగున ఒక అంగుళం వదిలివేయాలి. మిగిలినది ఎండకు కరిగి దిగిపోతుంది. ఇనుప పార అంచు పోగులను, అతుకులను కోస్తుంది. గడ్డకట్టిన మంచును ఎన్నడూ పగలగొట్టరాదు.

వేడినీళ్లు పోసి కరిగించడం మరొక తప్పు. ఆ నీరు కొంతసేపటికి తానే గడ్డకట్టి, ముందున్న గడ్డకు తోడవుతుంది. రోడ్ల మీద చల్లినట్లు ఉప్పు చల్లడం కూడా మంచిది కాదు. ఉప్పునీరు సున్నకు దిగువ గడ్డకడుతుందనేది నిజమే; నూటికి 23 పాళ్లు ఉప్పు కలిసిన నీరు సున్నకు దిగువ 21 డిగ్రీల వరకు ద్రవంగా ఉండగలదు. కాని చలి హెచ్చిన కొద్దీ ఉప్పు పని మందగిస్తుంది. ఉప్పు పాలిథిలీన్‌ను కరగించదు గాని, మిగిలిన పొడి రంధ్రాలను పూడుస్తుంది. పారిన ఉప్పునీరు చుట్టుపక్కల మొక్కల వేళ్లను చంపుతుంది.

అన్నింటికంటె ముఖ్యమైనది పిల్లల క్షేమం. తడి ఇసుక గడ్డకట్టిన ఆటస్థలం చూపుకు పచ్చికే, పడినవానికి మాత్రం రాతినేల. మామూలుగా ఇసుక గింజలు ఒకదానిపై ఒకటి జారి దెబ్బను కొంత మింగుతాయి. గడ్డకట్టిన గింజలు జారలేవు. అరచేతితో అదిమినపుడు నేల ఏమాత్రం లొంగకపోతే ఆనాడు ఆట మానుకోవాలి.

చాలామంది జనవరిని తలచుకొని భయపడతారు. ఆటస్థలానికి నిజమైన గండం మార్చి, ఏప్రిల్ నెలలలో ఉన్నది. నేల కరగడం ప్రధానంగా పైనుండి మొదలవుతుంది. కరిగిన పైపొర నీటికి కింద ఇంకా గడ్డకట్టి ఉన్న నేల అడ్డుపడి, నీరు దిగలేక నిలుస్తుంది. అప్పుడు పైనేల ఊబివలె మెత్తబడుతుంది. ఇదే కారణంచేత మినెసోటాలో వసంతాగమన వేళ రోడ్ల మీద బరువైన లారీలకు కొన్ని వారాలపాటు పరిమితులు విధిస్తారు. రోడ్డుకే అంత జాగ్రత్త అవసరమైతే పెరటి ఆటస్థలం సంగతి చెప్పనక్కరలేదు. కరిగే వారాలలో దాని మీద బరువులు నడపకుండా, నీరు పూర్తిగా దిగిన తరువాతనే ఆట మొదలుపెట్టాలి.

తీసిన మంచును ఎక్కడ పోయాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. ఆ మంచుతోపాటు తెగిన పోగుల ముక్కలు, రబ్బరు నలుసులు వెళ్లి, కరిగినపుడు కాలువలలో చేరతాయి. ప్లాస్టిక్ నలుసులు నేలలోను నీటిలోను దీర్ఘకాలం నిలిచిపోతాయి. ఈ కారణంగా ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నిబంధన ప్రకారం ఆటస్థలాలలో నింపే ప్లాస్టిక్, రబ్బరు నలుసుల అమ్మకం అక్కడ 2031 నుండి నిషిద్ధమవుతుంది. ఇంటి ఆటస్థలానికి ఇసుక చాలునన్నప్పుడు రబ్బరు జోలికి పోకపోవడం మేలు. తీసిన మంచును కాలువ వైపు గాక పక్కనున్న నేల మీదనే కుప్ప వేసి, కరిగిన తరువాత మిగిలిన చెత్తను ఎత్తివేయాలి.

తెలుగునాట ఈ పాఠం

తెలుగు రాష్ట్రాలలో నేల గడ్డకట్టదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో కొన్ని శీతకాలపు రాత్రులు ఉష్ణోగ్రత సున్న ప్రాంతానికి దిగినా, ఆ చలి పొద్దెక్కేసరికి పోతుంది. ఇక్కడి కృత్రిమ పచ్చికకు శత్రువు వేసవి. మండుటెండలో దాని పైభాగం 60 డిగ్రీలు దాటి, ఉత్తకాళ్లతో నిలవలేనంత కాలుతుంది.

కాని పొంగి కుంగే నేల తెలుగువారికి కొత్త కాదు. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాలలోని నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చడం రైతుబిడ్డలందరికీ తెలుసు. నల్లరేగడిపై కట్టిన గోడలు బీటలు వారడానికి, పాఠశాల ఆటస్థలాలు ఎగుడుదిగుడు కావడానికి కారణం అదే. అక్కడ మంచు చేసే పనిని ఇక్కడ మట్టిలోని బంక చేస్తుంది. రెండుచోట్లా దానికి బలం ఇచ్చేది నీరే. కాబట్టి ఉపాయం కూడా ఒకటే: చెడ్డ మట్టిని తీసివేయడం, దాని స్థానంలో మొరమో కంకరో వేయడం, నీటికి దారి చూపడం.

నీరు ఏ మట్టిలో ఎంత ఎక్కుతుందో ఉన్నత పాఠశాల విద్యార్థులు సులభంగా పరీక్షించవచ్చు. రెండు వైపులా తెరిచిన మూడు గాజు గొట్టాలు తీసుకొని, ఒక కొనకు పలుచని గుడ్డ కట్టాలి. ఒకదానిలో చిన్న కంకర, రెండవదానిలో ముతక ఇసుక, మూడవదానిలో చెరువు అడుగున దొరికే మెత్తని ఒండ్రును ఎండబెట్టి పొడిచేసి నింపాలి. మూడింటినీ రంగు కలిపిన నీటి పళ్లెంలో నిలబెట్టి మరునాటి వరకు వదలాలి. కంకరలో నీరు పళ్లెం మట్టాన్ని దాటి ఎక్కినట్లే కనిపించదు. ఇసుకలో కొద్ది అంగుళాలు ఎక్కుతుంది. ఒండ్రులో అంతకు ఎంతో ఎత్తుకు ఎక్కి ఉంటుంది. తరువాత మరొక గొట్టంలో కింద ఒండ్రు, మధ్య రెండంగుళాల కంకర, పైన తిరిగి ఒండ్రు పోసి అదే విధంగా నిలబెట్టి చూడాలి. కింది ఒండ్రు తడుస్తుంది. కంకరకు పైనున్న ఒండ్రు పొడిగానే ఉంటుంది.

ఆ రెండంగుళాల కంకరే మినెసోటా పెరటిలో పచ్చికను ఏప్రిల్ వరకు కాపాడేది. పచ్చిక ఖరీదు గురించి పదిచోట్ల విచారించే గృహస్థు, కంకర లోతు గురించి కూడా ఒక్కచోటనైనా విచారిస్తే, మంచు కరిగిననాడు అతని పిల్లలకు బల్లపరుపు నేల దక్కుతుంది.